ఆరు బ్లేడ్ల సందు

చేతిలో సుత్తి ఉన్నంతసేపూ మేస్త్రి నోట మాట ఉండదని ఆ వీధిలో అందరికీ తెలుసు. సొట్టపడిన బండిని తెచ్చి నిలబెట్టినవారు ఎన్ని ప్రశ్నలు వేసినా ఆయన ఉలకడు, పలకడు. ఎడమచేతితో రేకు వెనుక ఇనుప దిమ్మను ఆనించి, కుడిచేతి సుత్తితో ముందునుంచి చిన్నచిన్న దెబ్బలు వేసుకుంటూ పోతాడు. పని ముగిశాక అరచేతితో ఆ రేకును ఒకసారి నిమిరి, "ఇక తీసుకెళ్ళండి" అంటాడు. కంటికి అందని ఎత్తుపల్లాలు అరచేతికి అందుతాయని ఆయన నమ్మకం. కన్ను మొహమాటపడుతుందట, చేయి పడదట.

ఆయన షెడ్డుకు రెండు భాగాలు. ముందు భాగంలో వీధుల్లో తిరిగే బండ్ల సొట్టలు తీస్తాడు. వెనుక భాగంలో మూడు పాత అమెరికా కార్లు, మూడూ నాలుగు తలుపుల పొడుగాటి సెడాన్లు, ఆయన తీరిక కోసం కాచుకుని ఉంటాయి. ముందు భాగం కూడు పెడుతుందనీ, వెనుక భాగం ఆ కూడు తింటుందనీ ఆయన భార్య అంటూ ఉంటుంది. ఎవరైనా ఆ కార్లను చూడవస్తే ఆమే దగ్గరుండి పరిచయం చేస్తుంది.

"రండి, నా సవతుల్ని చూద్దురుగాని. ఒక్క సవతితోనే వేగలేమంటారు, నాకు ముగ్గురు. ఆ చివరి దానికి చక్రాలు కూడా లేవు. అయినా పొద్దున్నే దాన్ని పలకరించందే ఆయన మొహం కడుక్కోరు."

ఈ పిచ్చి ఆయనకు పదిహేనో ఏట పట్టుకుంది. తల్లి పోయిన ఇంట్లో తమ్ముణ్ణి పెంచే భారం అక్క మీద పడింది. ఆమె టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. బడిలో తమ్ముడి సంగతి తేలిపోయాక అతణ్ణి ఒక వర్క్‌షాపుకు తీసుకువెళ్ళి, "చదువు నీకు అబ్బలేదు, పనైనా అబ్బకపోతే ఇక నేనే నీకు దిక్కు. అది నీకే మంచిది కాదు" అని చెప్పి అప్పగించి వచ్చింది. ఆ వర్క్‌షాపుకే ఒకనాడు అమెరికా సెడాన్ ఒకటి వచ్చింది. అతడు దాని తలుపు మీద సుత్తి వేశాడు. మిగిలిన బండ్ల రేకు దెబ్బ తగలగానే లోపలికి పోయి ముడుచుకునేది. ఈ రేకు దెబ్బను పట్టుకుని, ఆలోచించి, తనకు నచ్చినంత మేరకే కదిలింది. తనను ఎప్పటికైనా ఎవరో ఒకరు బాగుచేస్తారని ముందే తెలిసినట్టు ఉంది ఆ రేకు. అంత మర్యాద తెలిసిన ఇనుము అతనికి అంతకుముందు తారసపడలేదు.

పాతికేళ్ళ తరువాత, ఒక కలప డిపో వెనుక, అలాంటిదే ఒక ప్లిమత్ కోళ్ళగూడుగా బతుకుతూ కనిపించింది. కారు తీసుకువెళ్ళడానికి డిపో యజమానికి అభ్యంతరం లేదు. కోళ్ళు ఎక్కడ పడుకుంటాయన్నదే ఆయన బెంగ. మేస్త్రి వారం రోజులు కూర్చుని పదకొండు కోళ్ళకు పదకొండు అరలతో రేకు గూడు కట్టి ఇచ్చి, కారును తోసుకుంటూ ఇంటికి తెచ్చుకున్నాడు. దాన్ని నడిపించడానికి ఆరేళ్ళు పట్టింది. తరువాత, మూతపడిన అచ్చాఫీసు ఆవరణలో వానకు తడిసి ఎండకు ఎండిన ఒక వెడల్పాటి షెవర్లే వచ్చింది. ఆ పిమ్మట చక్రాలు లేని డాడ్జి. భార్య సవతుల వరస కలిపింది కాబట్టి అవి పెద్దది, నడిపిది, చిన్నది అయ్యాయి.

నడిపిది తీరికగా బాగుపడవలసిన కారే. దానికి తొందర పుట్టించినది అక్క మోకాలు.

మూడేళ్ళ క్రితం అక్క మెట్ల మీద జారిపడింది. ఆపరేషన్ అయింది, నొప్పి తగ్గింది, కాలు మాత్రం మళ్ళీ వంగలేదు. చేతికర్ర సాయంతో ఇంట్లోనూ షెడ్డులోనూ తిరుగుతుంది గాని, ఈ కాలపు చిన్న కార్లలో ఆ చాచిన కాలుకు చోటు లేదు. పెద్దదానిలో ప్రయత్నించారు, దాని వెనుక తలుపు ఇరుకు. అందుచేత ఆమె మూడేళ్ళుగా వీధి మలుపు దాటలేదు.

ఆమెకు ఒక స్నేహితురాలు ఉంది. ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఊరందరి మాటలూ కలిపారు. ఇప్పటికీ అక్క ఆమెను పక్కకుర్చీ అనే పిలుస్తుంది. పక్కకుర్చీ భర్త మంచం పట్టాడు. ఆయనను విడిచి ఆమె పావుగంట కూడా బయట ఉండలేదు. ఆమె ఇల్లు మూడో అంతస్తులో ఉంది. అన్ని మెట్లు అక్క ఎక్కలేదు. రోజూ ఉదయం పదింటికి ఫోనులో మాట్లాడుకుంటారు సరే, ఒకరి ముఖం ఒకరు చూసి మూడేళ్ళయింది. ఇంతలో పక్కకుర్చీ ఒక కబురు చెప్పింది. భర్తను తీసుకుని కూతురు దగ్గరకు, రైలులో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణించవలసినంత దూరానికి, వెళ్ళిపోతోంది. రెండు నెలల్లో, ముప్పయ్యో తారీఖు ఉదయం బండికి ప్రయాణం.

"నడిపిదాని వెనుక సీటు ఎంత వెడల్పురా?" అని మాత్రం అక్క అడిగింది.

"నువ్వు కాలు చాపుకుని కూర్చున్నా ఇంకొకళ్ళు పడతారు" అన్నాడు మేస్త్రి. ఆ మాటతో మాట ఇచ్చినట్టే.

షెవర్లేకు ఇంజను అప్పటికే నడుస్తోంది. మిగిలినది కుడివైపు గడప: ఆ వైపు తలుపుల కింద, కారు పొడుగునా పోయే పెట్టె లాంటి రేకు పట్టీ. అచ్చాఫీసు ఆవరణలోని నీళ్ళు దాన్ని తినేశాయి. దాన్ని కోసి కొత్తది అతకాలి. ఆ పనికి మేస్త్రి తానే పెట్టుకున్న శాసనం ఒకటి ఉంది. కోతకు ముందు తలుపును మడతబందుల మీద వేలాడదీసి, మూసి, చుట్టూ సందు చూడాలి. అందుకు ఆయన కొలబద్ద, అరిగిపోయిన హాక్సా బ్లేడ్లు ఆరింటిని కలిపి చుట్టిన కట్ట. అది తలుపు చుట్టూ ఎక్కడా బిగియకుండా, ఎక్కడా వదులు కాకుండా జారాలి. జారిన తరువాత, తలుపు మూసి ఉండగానే, లోపలినుంచి ఇనుప కమ్మీలను బోల్టులతో బిగించి ఆ ద్వారం రూపాన్ని కట్టివేయాలి. గడప తీసిన కారు నడుము లేని మనిషి. కమ్మీలు ఏ కొలతలో పట్టుకుంటే ఆ కొలతలోనే నిలబడిపోతుంది.

నలభై ఏళ్ళుగా ఇతరులకు చెప్పిన ఈ శాసనాన్ని ఆయన ఒక మధ్యాహ్నం తానే తప్పాడు.

ఆ రోజు అక్క సీటు సరిపోతుందో లేదో చూసుకోవడానికి వచ్చింది. ఎడమ తలుపులోంచి సీటు అంచున కూర్చుని, వెనక్కు జరుగుతూ, కాలు సీటు పొడుగునా చాపుకుంది. వీపు కుడి తలుపుకు ఆనాలి. ఆ తలుపు విప్పి గోడకు ఆనించి ఉంది. ఎలాగూ కమ్మీలు బిగించాలి కదా అని మేస్త్రి వాటినే ఆ ఖాళీ ద్వారానికి అడ్డంగా పెట్టి, ఆమె వీపుకు ఆనుగా ఒక చెక్క కూడా కట్టి, బోల్టులు బిగించేశాడు. మూడేళ్ళ తరువాత కారులో కూర్చున్న అక్క షెడ్డు గోడనే కిటికీ దృశ్యంలా చూస్తూ కబుర్లు చెబుతోంది. ఒకసారి లేవమంటే ఆమెకు నొప్పి. ఆయన లేవమనలేదు. కుళ్ళిన గడప ఆమె బరువుకు ఎంత కుంగిందో, తలుపు వేసి చూసుకోలేదు.

నెల తిరిగింది. పాత గడప పోయి కొత్త గడప వచ్చింది. పదకొండో తారీఖు ఉదయం, భార్య తమ్ముడు రంగు పనికి దిగాడు. అతడు పెయింటరు, ఆ చుట్టుపక్కల అతని రంగులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని పేరు. అద్దాలకు కాగితాలు అంటిస్తూ, కుడి వెనుక తలుపును మోచేత్తో నెట్టాడు. తలుపు వెళ్ళి, కొట్టుకుని, తిరిగి అతని మోచేతికే తగిలింది.

"బావా, నీ తలుపు నామీద అలిగింది."

"గట్టిగా వెయ్యి."

"గట్టిగానే వేశాను. ఇంకాస్త గట్టిగా వేస్తే అటుపక్క తలుపు ఊడి నీ కాళ్ళ మీద పడుతుంది."

మేస్త్రి వచ్చి బ్లేడ్ల కట్ట తీశాడు. పై మూలలో కట్ట దూరలేదు. ఒక్కొక్క బ్లేడూ తీసేస్తూ పోగా, రెండు మిగిలినప్పుడు దూరింది. కింది మూలలో ఆరూ పెట్టినా ఇంకా నాలుగింటికి చోటుంది. ఆయన బ్లేడ్లన్నీ మళ్ళీ కట్టగా చుట్టాడు. ఆ మధ్యాహ్నమూ, అక్క కబుర్లూ, తాను బిగించిన బోల్టులూ వరుసగా గుర్తుకు వచ్చాయి. "అక్క కూర్చుని ఉండగానే కమ్మీలు బిగించేశాను" అన్నాడు మెల్లగా.

"దీనికింత బాధ ఎందుకు బావా?" అన్నాడు బావమరిది. "పై అంచు ఒక నూలు మందం అరగదీద్దాం. కింద లప్పం పెట్టి నున్నగా తీస్తాను. నా రంగు పడ్డాక దేవుడొచ్చినా కనిపెట్టలేడు."

"దేవుడు ఆ తలుపుకి ఆనుకుని కూర్చోడు. అక్క కూర్చుంటుంది."

"గొళ్ళెం పడితే చాలదా?"

"సగమే పడుతుంది. గుంతలో పడ్డప్పుడు ఆ సగమూ జారుతుంది. కాలు చాపుకున్న మనిషి ఏం పట్టుకుని ఆగుతుంది చెప్పు?"

షెడ్డుకూ అక్క గదికీ మధ్య ఒక్క కిటికీయే అడ్డం. "ఏమైందిరా?" అని అందులోంచి వినిపించింది.

"ఏం లేదక్కా."

"ముప్పై ఒక్క ఏళ్ళు జనం గొంతులు విన్నదాన్ని. ఏం లేదన్నవాడి దగ్గరే అన్నీ ఉంటాయి. ఉండు, వస్తున్నా."

చేతికర్ర చప్పుడు గుమ్మం దాటేలోపల మేస్త్రి బావమరిదిని కళ్ళతోనే హెచ్చరించాడు. అతనికి రంగులు అర్థమవుతాయి గాని కళ్ళు అర్థం కావు. అక్క రాగానే, "మీరు కూర్చుని ఉండగా కమ్మీలు బిగించాడట వదినా, ద్వారం వంకర తిరిగింది" అని చెప్పేశాడు.

అక్క తలుపునూ, తమ్ముణ్ణీ మార్చి మార్చి చూసింది.

"అంటే నా బరువుకి అమెరికా కారు వంగిందా?"

"నీ బరువు కాదక్కా. గడప కుళ్ళింది. తప్పు నాది."

"మరి? బరువు నాదే, బుద్ధి మాత్రం నీది. లేవమంటే లేచేదాన్ని కదరా."

"లేస్తే నొప్పి అన్నావు."

"రోజుకి పాతికసార్లు లేస్తున్నాను. అది ఇరవయ్యారోది అయ్యేది." ఆమె కర్రను రెండు చేతులతో పట్టుకుని నిలదొక్కుకుంది. "ఇవాళ పదకొండు. మళ్ళీ కోసి అతకడానికి ఎన్నాళ్ళు?"

"పదిహేను, పదహారు రోజులు. తలుపు అవుతుంది. రంగు అవదు."

బావమరిదికి ప్రాణం పోయినంత పనయింది. "రంగు లేకుండా రోడ్డెక్కిస్తావా? మచ్చల మచ్చల బండి! ఎవరు చేశారని అడిగితే నా పేరే చెబుతారు. వదినా, మీరైనా చెప్పండి."

"పక్కకుర్చీ నన్ను చూడ్డానికి దిగొస్తుందా, బండిని చూడ్డానికా అబ్బాయ్?" అంది అక్క.

అతడు కాగితాలన్నీ చరచరా పీకి, ఉండచేసి మూలకు విసిరి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే మేస్త్రి తన అతుకులను తానే కోయడం మొదలుపెట్టాడు. బాగా అతికినవాడి అతుకు బాగానే ఏడిపిస్తుంది. ఒక మూరెడు విడదీయడానికి ఒక పూట పట్టింది. నెలరోజుల పనితనం నిప్పురవ్వలై నేల మీద రాలుతుంటే, ఆయన ముఖంలో విసుగు గాని విచారం గాని లేవు. లెక్క మాత్రం ఉంది. ముందు భాగానికి వచ్చిన బండ్లను, నెలాఖరు దాకా కుదరదని తిప్పి పంపాడు. గడప విడిపోయాక తలుపును బందుల మీద వేలాడదీసి, కారు నడుము కింద జాకీ పెట్టి, మరను పావు చుట్టు తిప్పడం, కట్టతో చూడడం, మళ్ళీ పావు చుట్టు తిప్పడం. మూడో రోజు సాయంత్రానికి కట్ట తలుపు చుట్టూ జారింది. అప్పుడే బిగించలేదు. ఒక రాత్రి గడవనిచ్చి ఉదయం మళ్ళీ చూశాడు. జారింది. అప్పుడు తలుపు మూసి, కమ్మీలు బిగించి, కిటికీ వైపు తిరిగి కేక వేశాడు.

"అక్కా, వచ్చి కూర్చో. కూర్చున్నాక లేవాలి. తర్వాత మళ్ళీ కూర్చోవాలి."

"నొప్పంటే?"

"ఇవాళ వినను."

"ఆ, ఇప్పుడు మేస్త్రివి" అంటూ వచ్చి, నాలుగుసార్లు కూర్చుని, నాలుగుసార్లు లేచింది. సందు మారలేదు.

అతకడానికి ఓపిక కావాలి. వేడి తగిలితే రేకు గుంజుకుపోతుంది; అందుకని ఈ చివర అంగుళం అతికితే, అది చల్లారే వరకు ఆగి, ఆ చివర అంగుళం అతకాలి. ఇరవై రెండో తారీఖున ఆయనకు ముప్పయ్యో తారీఖు కళ్ళముందు ఆడింది. నాలుగు అంగుళాలు ఏకబిగిన అతికాడు. చల్లారాక చూస్తే పై మూలలో కట్ట పట్టేసింది. ఐదు బ్లేడ్లే దూరాయి. వెంటనే కోతయంత్రం అందుకున్నాడు.

అన్నానికి పిలవవచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "ఐదు దూరుతున్నాయి కదండీ. ఒక్క బ్లేడు కోసం మళ్ళీ కోస్తారా?"

"నీ చెప్పు ఒక నూలు ఇరుకైతే నడుస్తావా?"

"నడవను. కానీ అదే చెప్పుని కోసి కుట్టి, కుట్టి కోసి కూర్చోను. ఇంకో జత కొనుక్కుంటాను."

"నడిపిదానికి ఇంకో జత లేదు."

"నాకూ ఇంకో మొగుడు లేడు. ముందు వచ్చి తినండి."

తిన్నాడు, చేయి కడుక్కుని మళ్ళీ వచ్చాడు. ఆ నాలుగంగుళాలూ అంగుళం చొప్పున, ఒకటిన్నర రోజు తీసుకున్నాయి.

ఇరవై ఏడో తారీఖున చివరి కమ్మీ విప్పాడు. కారు తన నడుము మీద తాను నిలబడింది. కట్ట చుట్టూ తిరిగి వచ్చింది. మేస్త్రి తలుపును రెండు వేళ్ళతో నెట్టాడు. గొళ్ళెం పూర్తిగా పడింది. లోపలికెక్కి భుజం ఆనించి తన బరువంతా మోపాడు, తలుపు చలించలేదు. మూడుసార్లు అలా చేసి, అప్పుడు కూర్చుని నీళ్ళు తాగాడు.

మరునాడు బావమరిది వచ్చాడు. కొత్త రేకుకు తుప్పు పట్టకుండా కుడి పక్కంతా బూడిదరంగు ప్రైమరు కొట్టాడు. మిగిలిన మూడు పక్కలూ వెలిసిపోయిన పాత నీలం. వెనక్కు జరిగి చూసి, తలపట్టుకున్నాడు.

"ఇది రంగు కాదు బావా. ఎవరడిగినా నేను రాలేదని చెప్పు."

"రేపు మాతో వస్తావా?"

"రాక? దారిలో ఆగిపోతే తోసేవాడు కావద్దూ?"

ఇరవై తొమ్మిదో తారీఖు ఉదయం అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, ఎక్స్‌ఛేంజికి వెళ్ళే రోజుల్లోలాగా చేతి గడియారం పెట్టుకుంది. ఎడమ తలుపులోంచి కూర్చుని, వెనక్కు జరిగి, కాలు చాపి, కుడి తలుపుకు వీపు ఆనించింది. మేస్త్రి బండి తీశాడు. ముందు సీటులో బావమరిది, తెలిసినవాళ్ళు చూస్తారేమోనని, రుమాలు ముక్కు దాకా కట్టుకుని కూర్చున్నాడు.

దారిలో మేస్త్రి ఇంజను చప్పుడు వినలేదు. చెవులు రెండూ వెనుక తలుపు దగ్గరే ఉన్నాయి. రైలు గేటు దాటాక ఎడమకు మలుపు. అక్కడ రోడ్డు వాలుగా ఉంటుంది, మలుపులోనే గుంత. బరువంతా కుడివైపుకు ఒరిగే చోటు అది. వేగం తగ్గించాడు. అయినా చక్రం గుంతలో దిగి లేచింది. అక్క వీపు తలుపుకు గట్టిగా తగిలిన చప్పుడు వినబడింది. బావమరిది రుమాలు లాగేసి వెనక్కు తిరిగాడు.

"వదినా!"

"ఏంటి? గోడకి ఆనుకున్నట్టుంది. నువ్వు ముందుకి చూడు, మీ బావ వెనక్కి చూస్తూ నడుపుతున్నాడు."

మేస్త్రి ముందుకు చూశాడు. ఆ తరువాత గేరు మార్చాడు.

పక్కకుర్చీ అప్పటికే తన ఇంటి గేటు దగ్గర నిలబడి ఉంది. మనిషి చిక్కిపోయింది, జుట్టు పూర్తిగా నెరిసింది. కారు ఆగగానే ఎడమ తలుపు తానే తెరిచి, లోపలికి తొంగి చూసింది.

"ఫోన్లో ఇంత లావు వినబడలేదే నువ్వు!"

"నువ్వు ఇంత ముసలిదానివీ వినబడలేదు. ఎక్కు, ఎక్కు. కాలు తొక్కకు."

సీటు చివర కొంచెమే చోటుంది. పక్కకుర్చీ ఎక్కి, అక్క చాచిన పాదాన్ని ఎత్తి తన ఒడిలో పెట్టుకుని, సర్దుకుని కూర్చుని, తలుపు మూసుకుంది. మేస్త్రీ బావమరిదీ దిగాక అద్దాలు ఎత్తేశారు. ఇక లోపల ఇద్దరి పెదవులూ ఒకేసారి కదలడం తప్ప, బయటి మగవాళ్ళిద్దరికీ ఏమీ తెలియలేదు. వినేవాళ్ళెవరో, చెప్పేవాళ్ళెవరో ఆ దేవుడికే తెలియాలి.

పది నిమిషాలు గడిచాయో లేదో, పైన మూడో అంతస్తులో చేతిగంట మోగింది. పక్కకుర్చీ భర్త పిలుపు అది. ఆమె ఉలిక్కిపడి తలుపు మీద చేయి వేసింది. అక్క ముందుకు వంగి ఆమె రెండో చేతిని పట్టుకుని ఆపి, తన వైపు అద్దం దింపింది.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వు పైకెళ్ళు. అన్నయ్యగారికి ఏం కావాలో చూడు. లైను బిజీగా ఉందని చెప్పు."

అద్దం మళ్ళీ పైకి లేచింది. మేస్త్రి మెట్లెక్కి వెళ్ళాడు. పెద్దాయనకు కావలసినవి మంచినీళ్ళు. అవి ఇచ్చి, తలగడ సరిచేసి, మంచాన్ని కిటికీ దగ్గరకు జరిపాడు. పెద్దాయన కిందికి చూశాడు.

"ఆ మచ్చల బండి ఎవరిదోయ్?"

ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్నకు మేస్త్రి దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు 'నాది' అని.

"మా అక్కదండి" అన్నాడు.

"రంగు వేయించకూడదూ?"

"వేయిస్తాను బావగారూ. రేపటినుంచే మొదలు."

ఆయన కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. కింద చాలాసేపటి వరకు ఏ తలుపూ తెరుచుకోలేదు.